‘కార్మిల్లా’ చదివే ముందు, చదివాక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ కథ? ఎవరు రాశారు?

డబ్లిన్‌లో పుట్టి డబ్లిన్‌లోనే కన్నుమూసిన జోసెఫ్ షెరిడన్ లె ఫాను (1814–1873) రాసిన పెద్ద కథ ‘కార్మిల్లా’. లండన్ పత్రిక ‘ది డార్క్ బ్లూ’లో 1871 చివర్లో సీరియల్‌గా మొదలై 1872లో ముగిసింది. అదే ఏడాది ఆయన కథల సంపుటి ‘ఇన్ ఎ గ్లాస్ డార్క్‌లీ’లో చేరింది.

ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతం. అడవి మధ్యలో పాత కోటలాంటి ఇల్లు. తల్లి లేని లారా అక్కడ తండ్రితో ఉంటుంది. వయసు పంతొమ్మిది. ఒక వెన్నెల రాత్రి వాళ్ల ఇంటి ముందు గుర్రబ్బండి ఒకటి బోల్తా పడుతుంది. స్పృహ తప్పిన ఒక అమ్మాయిని అందులోంచి దించుతారు. వాళ్లమ్మ మాత్రం ‘ప్రాణాల మీదికొచ్చిన పని, ఆగే వీల్లేదు, మూడు నెలల్లో వచ్చి తీసుకెళ్తాను’ అని చెప్పి, కూతుర్ని ముక్కూమొహం తెలియని ఆ ఇంట్లో వదిలేసి వెళ్లిపోతుంది. ఆ కూతురే కార్మిల్లా.

ఈ పేజీలో కథ మొత్తం, ముగింపుతో సహా, బయటపెట్టేశాను. వద్దనుకుంటే ముందు కథ చదివి రండి.

రక్తపిశాచి ఎవరో ముందే తెలిసిపోయాక చదవడంలో మజా ఏముంది?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఆ రోజుల్లో పత్రిక కొనుక్కుని నెలనెలా చదివినవాళ్లకి కార్మిల్లా ఎవరన్నది కొన్నాళ్లైనా అనుమానంగా మిగిలి ఉంటుంది. మనకి ఆ అదృష్టం లేదు. పుస్తకం అట్ట మీదే కోరలూ నెత్తుటి చుక్కా వేసేస్తారు. కాబట్టి దీన్ని ‘ఎవరు చేశారు’ తరహా సస్పెన్స్ కథలా చదివితే ఇరవయ్యో పేజీకే విసుగొస్తుంది.

నా సలహా ఏంటంటే, కార్మిల్లా మీద నిఘా మానేసి మిగతావాళ్లని గమనించండి. ఆ ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఎంత తెలుసు? తెలిసినవాళ్లు ఎవరికి చెప్పారు, ఎవరి దగ్గర దాచారు? ఈ లెక్క వేసుకుంటూ వెళ్తే కథ పూర్తిగా వేరేగా కనిపిస్తుంది. కళ్ల ముందు ఒక పిల్ల రోజురోజుకీ నీరసించిపోతుంటుంది. చుట్టూ అందరూ ప్రేమగల మనుషులే. అయినా అసలు మాట ఒక్కరూ ఆమెతో అనరు. పిశాచాల్ని నమ్మని పాఠకుణ్ణి కూడా వణికించేది ఇదే అని నా ఉద్దేశం.

ఎంత పెద్దది? ఇంగ్లిష్ కష్టంగా ఉంటుందా?

ఒక పీఠిక, 16 అధ్యాయాలు. మామూలు సైజు పుస్తకంలో నూరు పేజీలకి కాస్త అటూ ఇటూ. శని, ఆదివారాలు చాలు.

భాష పాతదే గానీ చిక్కుముడులేమీ ఉండవు, ఎందుకంటే లారా తన గతాన్ని పట్నంలో ఉండే ఒక పెద్దింటి ఆవిడకి చెబుతున్నట్టుగా రాస్తుంది. ఉత్తరంలో ఉండే చనువు ఆ వాక్యాల్లో ఉంటుంది. ఇబ్బంది పెట్టేది చివర్లో లారా తండ్రి స్నేహితుడు జనరల్ స్పీల్స్‌డార్ఫ్ చెప్పే సుదీర్ఘమైన కథ. కథలో కథ, అందులో సంభాషణలు, ఎవరు ఎవరితో అంటున్నారో తప్పిపోతాం. అక్కడ కొంచెం ఓపిక పట్టాలి. పీఠిక ఒకటిన్నర పేజీ కూడా ఉండదు, దాన్ని మాత్రం దాటేయొద్దు. ఈ వృత్తాంతం రాసిన స్త్రీ ఇప్పుడు బతికి లేదని చెప్పేది అక్కడే.

మొదటి అధ్యాయాల్లో అసలేమీ జరగదట కదా?

అలా అన్నవాళ్లు తొందరగా పేజీలు తిప్పేసి ఉంటారు. లారా తన ఇల్లు ఎక్కడుందో చెప్పే పేరా చూడండి. మనుషులున్న ఊరు ఏడు మైళ్ల దూరం. తండ్రి స్నేహితుడైన జనరల్ ఇల్లు దాదాపు ఇరవై మైళ్లు. పడమటి దిక్కున మూడు మైళ్ల దూరంలో మాత్రం ఒక పాడుబడ్డ ఊరుంది. అక్కడ కప్పు కూలిన చర్చి, అందులో ఎప్పుడో అంతరించిన కార్న్‌స్టైన్ వంశం సమాధులు. దూరాలు చెబుతున్నట్టే ఉంటుంది గానీ, ఆ ఇంటికి అందరికంటే దగ్గరి ఇరుగుపొరుగు ఎవరో రచయిత చెప్పేశాడు.

ఆ వెంటనే లారాకి ఆరేళ్లప్పటి సంఘటన వస్తుంది. రాత్రి మెలకువ వచ్చి చూస్తే మంచం పక్కన అందమైన ఒక యువతి మోకాళ్ల మీద కూర్చుని ఉంటుంది. పిల్లని బుజ్జగిస్తుంది, పక్కన పడుకుంటుంది. నిద్రలో ఛాతీ మీద రెండు సూదులు దిగినట్టు నొప్పి. పిల్ల కెవ్వుమంటుంది. ఆ యువతి మంచం కిందికి జారిపోతుంది. ఇల్లంతా వెతికినా ఎవరూ దొరకరు. అప్పుడు ఒక పనిమనిషి పరుపు మీద చెయ్యి పెట్టి చూసి, ఇక్కడెవరో పడుకున్నారు, ఇంకా వెచ్చగా ఉంది అంటుంది. మర్నాడు పెద్దవాళ్లంతా కలిసి అది వట్టి కల అని పిల్లకి నచ్చజెబుతారు. తండ్రి నవ్వుతాడు, ముద్దు పెట్టుకుంటాడు. చెప్పకుండా దాచడం ఈ ఇంట్లో ఆ రోజే మొదలైంది. తర్వాత పన్నెండేళ్లకి జరిగేదంతా దీని రెండో విడతే.

లారా అంత అమాయకురాలా? మనకి అర్థమైంది ఆమెకి ఎందుకు కాదు?

ఈ కథ గురించి మాట్లాడుకోవాల్సినదంతా ఈ ప్రశ్నలోనే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఒకటి, ఆమెకి సమాచారం అందదు. కార్మిల్లా తన గురించి చెప్పేవి మూడే ముక్కలు. పేరు కార్మిల్లా, వంశం చాలా పాతది, గొప్పది, ఇల్లు పడమటి దిక్కున ఉంది. అంతే. పడమటి దిక్కున ఏముందో మనం పైన చూశాం. లారాకీ తెలుసు. కానీ రెండిటినీ కలిపి చూసే అవసరం ఆమెకి రాలేదు, ఎందుకంటే ఆ ఒంటరి ఇంట్లో మొదటిసారి ఒక స్నేహితురాలు దొరికింది.

రెండోది ఇంకా ముఖ్యం. లారాకి తెలుసుకోవాలని లేదు. ఒంట్లో బాగా లేనప్పుడు ఆమె ఏం చేస్తుందో చూడండి. జబ్బు చేసిందని ఒప్పుకోదు, తండ్రికి చెప్పదు, డాక్టర్ని పిలవనివ్వదు. తనని కమ్ముకుంటున్న ఆ దిగులు పోకూడదనే అనిపించిందని తనే రాసుకుంటుంది. చావు ఆలోచన కూడా మెత్తగా, ఇంపుగా తోచిందంటుంది. మామూలు దయ్యాల కథలో మనిషి పారిపోవాలని చూస్తుంది, దయ్యం అడ్డు పడుతుంది. ఇక్కడ పారిపోవాలన్న కోరికే లేదు. కార్మిల్లాని చూస్తే ఒకే క్షణంలో ఆరాధనా ఏవగింపూ రెండూ కలిగేవని లారా చెబుతుంది. ఇందులో వైరుధ్యం ఉందని తనకి తెలుసనీ, అంతకంటే వివరించలేననీ అంటుంది.

ఇంకో సంగతి. ఈ మాటలు రాస్తున్నది పంతొమ్మిదేళ్ల లారా కాదు, అంతా తెలిసిన తర్వాతి లారా. తెలిసి కూడా ఆమె కార్మిల్లా అందాన్ని వర్ణించడం ఆపదు. జుట్టు ఎంత బరువుగా ఉండేదో, తను దాన్ని అల్లుతూ విప్పుతూ ఎలా ఆడుకునేదో గుర్తు చేసుకుంటుంది. అమాయకురాలు రాసే రాత ఇలా ఉండదు.

ఆ తండ్రి మీద నాకు ఒళ్లు మండింది. నేను సరిగ్గానే చదువుతున్నానా?

సరిగ్గానే చదువుతున్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, కూతురంటే ప్రాణం. కానీ ఆయన చేసిన పనులు వరసగా పెట్టి చూడండి.

బండి బోల్తా పడిన సాయంత్రమే, అంతకు కాసేపటి ముందు, జనరల్ రాసిన ఉత్తరం ఆయన చేతిలో ఉంది. జనరల్ పెంచుకుంటున్న మేనకోడలు బెర్తా చనిపోయింది. ఆమెకి తోడుగా ఉంటుందని ముచ్చటపడి ఒక అమ్మాయిని ఇంట్లోకి రానిచ్చాననీ, ఆతిథ్యం తీసుకుని ద్రోహం చేసిన ఆ రాక్షసే పిల్లని చంపిందనీ జనరల్ రాశాడు. తండ్రి ఆ ఉత్తరం కూతురి చేత చదివిస్తాడు. పాపం దుఃఖంతో మతి చలించి రాశాడని తేల్చేస్తాడు. ఆ ఉత్తరం మడత కూడా నలగకముందే, ముక్కూమొహం తెలియని పిల్లని తన కూతురికి తోడుగా ఉంటుందని ఇంట్లోకి తీసుకెళ్తాడు!

తర్వాత డాక్టర్ వస్తాడు. తండ్రీ డాక్టరూ పక్కకి వెళ్లి చాలాసేపు గుసగుసలాడుకుంటారు. లారాని పిలిచి మెడకి కాస్త కింద చూస్తే చిటికెనవేలి కొస అంత నీలపు మచ్చ కనిపిస్తుంది. తండ్రి మొహం పాలిపోతుంది. ఈమెని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దని డాక్టర్ ఇంట్లో లారాని చూసుకునే పెద్దావిడ మేడమ్ పెరోడాన్‌కి చెబుతాడు, లారాకి కాదు. ఏమైందని లారా గుచ్చిగుచ్చి అడిగితే, ఒకటి రెండు రోజుల్లో అన్నీ తెలుస్తాయిలే, ఇప్పుడు బుర్ర పాడుచేసుకోకు అంటాడు తండ్రి. ఒంటి మీద మచ్చ ఆమెది, కబురు మాత్రం పెద్దలది. మన ఇళ్లలో రిపోర్టులు పేషెంట్‌కి తప్ప అందరికీ చూపించే అలవాటు తెలిసినవాళ్లకి ఈ సీన్ విడమరిచి చెప్పక్కర్లేదు.

చివరికి కార్మిల్లా సమాధి తెరిచే రోజున కూడా లారా అక్కడ ఉండదు. శవపేటికలో ఏడంగుళాల లోతు నెత్తురు, గుండెలో దిగిన మేకు, తల నరకడం, కాల్చిన బూడిద నదిలో కలపడం, ఇదంతా ఆమె కళ్లతో చూసింది కాదు. రాజ్యం వేసిన కమిషన్ రిపోర్టు కాపీ తండ్రి దగ్గర ఉంటే, అందులోంచి ఎత్తి రాస్తుంది. తన జీవితంలోని అతి పెద్ద ఘట్టం ఆమెకి కాగితం మీద అందింది.

ఇద్దరు అమ్మాయిల ప్రేమకథ అంటారు. మనం ఇప్పటి కళ్లతో చూసి అంటగడుతున్నామా?

అంటగట్టాల్సిన పని లేదు, ఉన్నది చదివితే చాలు. కార్మిల్లా లారా చేతులు పట్టుకుని, చెంపలు కందిపోయేలా చూస్తూ, నువ్వు నాదానివి అంటుంది. ముద్దులు పెడుతుంది. ఇది ప్రేమికుడి ఆవేశంలా ఉందని లారాకే అనిపించి ఇబ్బంది పడుతుంది. ఒక దశలో ఆమెకి తమాషా ఊహ కూడా వస్తుంది: ఎవడైనా కుర్రాడు తన కోసం ఆడవేషం వేసుకుని ఇంట్లో దూరలేదు కదా! పాత కథల పుస్తకాల్లో అలాంటివి చదివానంటుంది. అంటే ఆ కాలపు ఆడపిల్లకి ఈ రకం ఆకర్షణకి పెట్టుకోవడానికి వేరే కథ తెలియదు.

అయితే లె ఫాను ఆ ప్రేమని సమర్థించాడా అంటే, లేదు. కథ దాన్ని పీడగా చూపించి, మేకు దించి, మగవాళ్ల కమిటీ చేత ముగిస్తుంది. అది ఆనాటి చూపు, ఒప్పుకోవాలి. కానీ చెప్పేది లారా కాబట్టి కథ ఒక దారిలో వెళ్తుంది, ఆమె గొంతు ఇంకో దారిలో వెళ్తుంది. ఈ రెండిటి మధ్య ఎడం కనబడితే ఈ పుస్తకం మీ చేతికి చిక్కినట్టే.

ఒక చేదు వివరం కూడా ఉంది. అందరినీ కార్మిల్లా ఇలా ప్రేమించదు. మామూలు సందర్భాల్లో పిశాచం నేరుగా మీద పడి, గొంతు నులిమి, తరచు ఒక్క రాత్రిలోనే ముగించేస్తుందని చివరి అధ్యాయంలో రాసి ఉంటుంది. ఊళ్లో పందులు కాసేవాడి పెళ్లాం పోయింది, అడవి కాపలాదారు కూతురు పోయింది. వాళ్లకి ఆరాధనా లేదు, ముద్దూ మురిపెమూ లేవు. అవన్నీ పెద్దింటి పిల్లలకే.

భయం వేస్తుందా?

హారర్ సినిమాలో ఉలిక్కిపడేలాంటి భయం ఆశించొద్దు. రాత్రి మంచం చుట్టూ తిరిగే, నాలుగైదు అడుగుల పొడవున్న నల్లటి పిల్లిలాంటి జంతువు ఉన్న సీన్ బాగుంటుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం పట్టపగటి సంఘటన. కాపలాదారు కూతురి శవయాత్ర వెళ్తుంటుంది, జనం పాట పాడుతుంటారు, లారా గౌరవంగా లేచి నిలబడి గొంతు కలుపుతుంది. కార్మిల్లా చెవులు మూసుకుని, ఆ పాట తన చెవుల్ని చీల్చేస్తోందని కసురుకుంటుంది. చనిపోయిన పిల్ల ఎవరో తెలియదు, తెలుసుకోను కూడా అంటుంది. తర్వాత వణుకు పట్టుకుని నీలంగా మారిపోతుంది.

ఎండ తగిలితే చచ్చిపోవడం, వెల్లుల్లి, అద్దం... ఇవేవీ లేవేంటి?

వాటిలో చాలా తర్వాత వచ్చాయి. ఎండకి పిశాచం నశించడం 1922లో వచ్చిన జర్మన్ మూకీ సినిమా ‘నోస్ఫెరాతు’ చలవ. కార్మిల్లా మధ్యాహ్నం దాటాక గదిలోంచి వస్తుంది, ఒక కప్పు చాక్లెట్ తాగుతుంది, షికారుకి వెళ్తుంది, తొందరగా అలసిపోతుంది. గది తలుపులు లోపల గడియ పెట్టినవి పెట్టినట్టే ఉండగా మాయమవుతుంది. పట్టుకున్న చేతిని మొద్దుబారేలా చేస్తుంది.

ఆమెకున్న వింత నియమం పేరు గురించి. అసలు పేరులోని అక్షరాల్ని అటూ ఇటూ మార్చుకోవచ్చు గానీ, ఒక్కటి వదలకూడదు, ఒక్కటి కలపకూడదు. మిర్కల్లా, మిల్లార్కా, కార్మిల్లా. ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాసి చూసుకుంటే తెలుస్తుంది. 1698 నాటి చిత్రపటం మీద మొదటి పేరు ఉంటుంది, జనరల్ ఇంట్లో రెండోది.

ఈ నమ్మకం నిజంగా అక్కడ ఉండేదా, రచయిత కల్పనా?

ఉండేది, ప్రభుత్వ కాగితాల్లో కూడా ఎక్కింది. 18వ శతాబ్దంలో ఆస్ట్రియా పాలనలో ఉన్న సెర్బియా పల్లెల్లో, చనిపోయినవాళ్లు లేచి వచ్చి బతికున్నవాళ్లని చంపుతున్నారని జనం ఫిర్యాదు చేశారు. అధికారులు వెళ్లి సమాధులు తవ్వించారు. 1725లో ఒక ఊళ్లో ఆస్ట్రియా అధికారి ఒకడు, 1732 మొదట్లో ఇంకో ఊళ్లో మిలిటరీ వైద్యులు చూసిందంతా రిపోర్టు రాశారు. శవం కుళ్లలేదు, నోటి దగ్గర నెత్తురుంది అని. కుళ్లే క్రమంలో శరీరం ఉబ్బడం, లోపలి ద్రవాలు నోట్లోంచి రావడం మామూలేనని ఇప్పుడు తెలుసు. ఆ రిపోర్టులు యూరప్ అంతా పత్రికల్లో వచ్చి గగ్గోలు పుట్టించాయి. మహారాణి మరియా థెరిసా తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ చేత విచారణ చేయించి, 1755లో ఇలా శవాలు తవ్వి కాల్చడాన్ని నిషేధించింది.

లారా ‘కమిషన్లు, సాక్ష్యాలు’ అని వాదించడం వెనక ఈ చరిత్ర ఉంది. ఇంకొకటి కలుపుకోండి. కథ వచ్చేనాటికి క్షయకి కారణం ఎవరికీ తెలియదు. రాబర్ట్ కాక్ ఆ బ్యాక్టీరియాని ప్రకటించింది 1882లో. పాలిపోతూ, సన్నబడుతూ, కళ్లు మాత్రం మెరుస్తూ ఆడపిల్లలు పోవడం ఆ పాఠకులు తమ ఇళ్లలో చూసినదే.

మన భేతాళుడికీ వీళ్లకీ చుట్టరికం ఉందా?

చందమామలో చెట్టుకు వేలాడే శవంలోని భేతాళుణ్ణి చూసి పెరిగినవాళ్లకి ఈ ప్రశ్న రావడం సహజం. చుట్టరికం కలిపింది ఒక ఇంగ్లిష్ దొర. రిచర్డ్ బర్టన్ మన భేతాళ కథల్ని తనకి నచ్చినట్టు తిరగరాసి 1870లో ‘విక్రమ్ అండ్ ది వాంపైర్’ అని అచ్చు వేశాడు, అంటే కార్మిల్లాకి ఏడాది ముందు. నిజానికి భేతాళుడు నెత్తురు కోసం ఎవరి మంచం పక్కనా కూర్చోడు. కథ చెప్తాడు, చిక్కు ప్రశ్న వేస్తాడు, రాజు నోరు విప్పగానే చెట్టెక్కుతాడు. చివర్లో రాజుని కాపాడేది కూడా ఆయనే. ఆ భేతాళుణ్ణి మనసులో పెట్టుకుని కార్మిల్లా దగ్గరికి వెళ్తే తికమక పడతారు.

‘డ్రాక్యులా’ చదివాక ఇది చదవాలా, ముందా?

ముందు ఇదే. కాలం ప్రకారమూ ఇదే ముందు. బ్రామ్ స్టోకర్ నవల వచ్చింది 1897లో, పాతికేళ్ల తర్వాత. స్టోకర్ కూడా డబ్లిన్ మనిషే. ఆయన తొలి నోట్సులో కౌంట్ డ్రాక్యులా ఊరు ట్రాన్సిల్వేనియా కాదు, స్టిరియా. ఆయన పోయాక 1914లో అచ్చయిన ‘డ్రాక్యులాస్ గెస్ట్’లో స్టిరియాకి చెందిన ఒక దొరసాని సమాధి కనిపిస్తుంది. ఎవరి నీడో చెప్పక్కర్లేదు.

‘డ్రాక్యులా’ వేట కథ. రైళ్లు, టైప్‌రైటర్లు, మనుషుల దండు. దాని తర్వాత ఇది చదివితే చప్పగా తోస్తుంది. ఇది ముందు చదివితే అది కాస్త గోలగా తోస్తుంది, ఆ నష్టం భరించొచ్చు.

రచయిత ఐర్లండ్ మనిషి, కథేమో ఆస్ట్రియాలో. ఎందుకు?

పిశాచాల రిపోర్టులు ఆ రాజ్యానివి కావడం ఒక కారణం. రెండో కారణం ఇంటికి దగ్గరిది. లె ఫాను పూర్వీకులు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లు, తండ్రి ప్రొటెస్టెంట్ మతగురువు. ఆయన చిన్నతనంలో కుటుంబం లిమరిక్ దగ్గరి పల్లెకి మారింది. చుట్టూ కాథలిక్ రైతులు. తమది కాని చర్చికి పన్ను కట్టబోమని 1830ల్లో వాళ్లు తిరగబడ్డారు. చుట్టూ ఉన్న జనంతో కలవని పెద్దింట్లో పెరగడమంటే ఏంటో ఆయనకి బాగా తెలుసు.

లారా ఇంటిని ఆ కళ్లతో చూడండి. తండ్రి ఇంగ్లిష్‌వాడు. ఆస్ట్రియా కొలువు చేసి పెన్షన్‌తో, చవగ్గా బతకొచ్చని ఇక్కడ ఇల్లు కొన్నాడు. ఇంట్లో దేశభక్తి కోసం ఇంగ్లిష్ మాట్లాడతారు. కాఫీ, చాక్లెట్ తాగే సాయంత్రాల్లో కూడా మన జాతీయ పానీయం ఉండాల్సిందే అని ఆయన టీ పెట్టిస్తాడు. లారా తల్లి మాత్రం అదే నేలకి చెందిన కార్న్‌స్టైన్ వంశపు మనిషి. కార్మిల్లా వెతుక్కుంటూ వచ్చింది తన రక్తసంబంధం దగ్గరికే. ఎవరు ఈ గడ్డకి చెందినవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అన్న తగువు ఆ ఇంట్లో పిశాచం రాకముందే ఉంది.

కొన్ని వర్ణనలు చదవడానికి ఇబ్బందిగా ఉన్నాయి.

ఉంటాయి. బండిలో కనబడే నల్లజాతి స్త్రీని వర్ణించిన తీరు జాత్యహంకారం, ఇంకో పేరు పెట్టి లాభం లేదు. భయపెట్టడానికి తప్ప ఆమె కథలో దేనికీ పనికిరాదు, తర్వాత కనిపించదు కూడా. ఊరూరా తిరిగే గూని గారడీవాణ్ణి కూడా మొదట వెకిలిగానే చూపిస్తారు.

కానీ ఆ గారడీవాడి సీన్ ఆగి చదవండి. కిటికీలోంచి కార్మిల్లాని చూసి, ఈ అమ్మాయికి ఒక పన్ను సూదిలా ఉంది, కావాలంటే ఆకురాయితో అరగదీస్తాను అని ముఖం మీదే అనేసింది అతనొక్కడే. కార్మిల్లా మండిపడుతుంది. మా నాన్నైతే వీణ్ణి కట్టేసి కొరడాతో కొట్టించి, ఎముకల దాకా కాలేలా వాతలు పెట్టించేవాడు అంటుంది. ఆ మాట వినగానే, పాత జమీందారీ గొంతు అందమైన పిల్ల నోట్లోంచి ఎలా వస్తుందో చూడండి. పిశాచం గురించి కోరల కంటే ఈ మాట ఎక్కువ చెబుతుంది. చదువుకున్న తండ్రికీ, డాక్టర్‌కీ కనబడనిది రోడ్డు మీద బతికేవాడికి ఒక్క చూపులో కనబడింది.

ఆ తల్లి ఎవరు? మళ్లీ ఎందుకు రాలేదు?

రాదు. రచయిత చెప్పడు. జనరల్ ఇంట్లోనూ ఇదే నాటకం ఆడింది కాబట్టి అది ఒక ముఠా పని అని ఊహించొచ్చు, అంతవరకే. ఇలాంటి వదులు ముడులు ఇంకా ఉన్నాయి. మొదట్లో లారా ఈ సంగతులు జరిగి ఎనిమిదేళ్లయిందంటుంది. కొన్ని అధ్యాయాలయ్యాక పదేళ్లు దాటిందని, చెయ్యి వణుకుతోందని రాస్తుంది. సీరియల్ తొందరలో దొర్లిన పొరపాటని కొందరంటారు. మధ్యలో రెండేళ్లు ముందుకు సాగలేక ఆపేసిందని అనుకోవడం నాకిష్టం. దానికి ఆధారమేమీ లేదు, పాఠకుడికున్న స్వేచ్ఛ అంతే.

సినిమా చూసేస్తే సరిపోదా?

సరిపోదు. డ్రెయర్ తీసిన ‘వాంపైర్’ (1932) గొప్ప సినిమానే గానీ కథతో దానికి పోలిక చాలా తక్కువ. హామర్ కంపెనీ 1970లో తీసిన ‘ది వాంపైర్ లవర్స్’ కథకి దగ్గరగా ఉంటుంది, చూపు మాత్రం పూర్తిగా మగవాళ్లది. లారా గొంతు రెండిట్లోనూ ఉండదు.

పిల్లలకి ఇవ్వచ్చా?

టెన్త్ దాటినవాళ్లకి ఇవ్వచ్చు. రక్తపాతం ఒక్క పేరాలోనే. వాళ్లు అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పే ఓపిక మీకుంటేనే ఇవ్వండి.

ఎక్కడ దొరుకుతుంది? తర్వాత ఏం చదవాలి?

కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. కొనేటట్టయితే విడి పుస్తకం కంటే ‘ఇన్ ఎ గ్లాస్ డార్క్‌లీ’ మొత్తం సంపుటి కొనడం మేలు. అందులో ‘గ్రీన్ టీ’ అనే కథ ఉంది. ఒక మతగురువుకి తప్ప ఎవరికీ కనబడని నల్లకోతి అతన్ని వెంటాడుతుంది. పిశాచాల దారిలోనే వెళ్తామంటే పాలిడోరి రాసిన ‘ది వాంపైర్’ (1819) చిన్నది, గంటలో అయిపోతుంది. దొరల వేషంలో తిరిగే పిశాచం ఇంగ్లిష్ కథల్లోకి వచ్చింది దానితోనే. కథగా అంత గొప్పదేం కాదు. నేనైతే ‘గ్రీన్ టీ’ ముందు చదవమంటాను.